ఇంటి కంప్యూటరునకు ఉచిత సాధనములు: ఎన్నుకొనుట ఎట్లు?

నేడు పట్టణములలోనే గాక పల్లెలలో కూడ పెక్కు ఇండ్లలో కంప్యూటరు కానవచ్చుచున్నది. ఒక ఉపాధ్యాయుని ఇంటిలోని కంప్యూటరును ఉదాహరణగా తీసికొందము. అందులో పదేండ్ల ప్రశ్నపత్రములు, తరగతి మార్కుల పట్టికలు, పాఠములకై సేకరించిన చిత్రములు, పిల్లల ఛాయాచిత్రములు, బ్యాంకు కాగితముల ప్రతులు ఉండును. యంత్రము చెడినచో మరియొకటి కొనవచ్చును. లోపలి సమాచారము పోయినచో దానిని ఏ అంగడిలోను కొనలేము. కావున ఆ యంత్రములోనికి ఏ ప్రోగ్రామును రానిచ్చుచున్నామో తెలిసికొని రానిచ్చుట అవసరము.

కంప్యూటరులోని సాఫ్ట్‌వేరును స్థూలముగా మూడు తరగతులుగా విభజింపవచ్చును. యంత్రమునంతటిని నడుపునవి విండోస్, లినక్స్ వంటి నిర్వాహక వ్యవస్థలు. వ్యాసము వ్రాయుటకు, పట్టికలు వేయుటకు ఉపయోగపడునవి అనువర్తనములు. ఈ రెంటికి తోడుగా నుండి చిన్న చిన్న పనులు చేసిపెట్టునవి ఉపకరణ ప్రోగ్రాములు. వంటయింటిలో బియ్యము, పప్పు ఎంత అవసరమో చేట, జల్లెడ, కత్తిపీట కూడ అంత అవసరము. ఫైళ్ళను కుదించి ఒక కట్టగా కట్టుట, వాటికి ప్రతులు తీసి దాచుట, పొరపాటున చెరిపిన దానిని తిరిగి రాబట్టుట, పాస్‌వర్డులను భద్రపరచుట మొదలైనవి ఈ చేట, జల్లెడల వంటి పనులు. ఇట్టి సాధనములలో మంచివి పెక్కు ఉచితముగా లభించుచున్నవి. చెడ్డవియు ఉచితముగానే లభించుచున్నవి. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

ఉచితమనగా నేమి?

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అను ఒకే మాటకు ఉచితమనియు, స్వేచ్ఛ గలదనియు రెండర్థములు కలవు. తెలుగులో ఈ రెంటికి వేర్వేరు మాటలున్నవి గనుక విషయమును విడదీసి చూచుట మనకు సులభము.

మొదటి రకము స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. 1983 లో అమెరికాలో రిచర్డు స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమము దీనికి పునాది. దీనిని ఎవరైనను ఏ పనికైనను వాడుకొనవచ్చును, దాని వ్రాతప్రతిని, అనగా సోర్సు కోడును, చదివి పరిశీలింపవచ్చును, ఇతరులకు పంచిపెట్టవచ్చును, మార్చి మెరుగుపరుపవచ్చును. రెండవ రకము డబ్బు తీసికొనరు గాని వ్రాతప్రతిని చూపరు. మూడవ రకము కొన్ని దినములు మాత్రము ఉచితముగా పనిచేసి, పిమ్మట డబ్బు అడుగును. నాల్గవ రకమునకు మనము డబ్బు చెల్లింపకున్నను ప్రకటనలు చూచియో, మన అలవాట్లను గూర్చిన సమాచారము ఇచ్చియో వెల చెల్లించుచుందుము.

కావున ఏ ఉచిత సాధనమును చూచినను ముందుగా వేసికొనవలసిన ప్రశ్న ఇది: దీనిని తయారుచేయుటకు అయిన ఖర్చును ఎవరు భరించుచున్నారు? సూటియైన సమాధానము దొరకినచో సగము సందేహము తీరును. వీడియోలు చూపు వి.ఎల్.సి. అను ప్రోగ్రాము ప్యారిస్ సమీపములోని ఒక ఇంజనీరింగు విద్యాలయములో 1996 లో విద్యార్థుల పనిగా ఆరంభమైనది. 2001 లో స్వేచ్ఛా లైసెన్సు క్రింద విడుదలయినది. నేడు దానిని ఒక లాభాపేక్ష లేని సంస్థ నడుపుచున్నది. 2010 లో ఏర్పడిన లిబ్రె ఆఫీసునకు వెనుక విరాళములతో నడచు డాక్యుమెంట్ ఫౌండేషన్ అను సంస్థ కలదు. ఇట్లు పోషకులెవరో బహిరంగముగా తెలియుట మంచి గుర్తు. తయారుచేసినవారి పేరు, ఊరు, ఆదాయమార్గము ఏదియు తెలియరానిచో జాగ్రత్తపడవలెను.

మొదట ఇంటిలో ఉన్నదానిని చూడవలెను

క్రొత్త సాధనము తెచ్చుటకు ముందు ఆ పని చేయునది ఇంతకుముందే కంప్యూటరులో ఉన్నదేమో చూచుకొనవలెను. నేటి విండోస్‌తో పాటు వైరసులను పట్టుకొను డిఫెండర్ అను కావలి ప్రోగ్రాము వచ్చుచున్నది. దానికి తోడు మరియొక ఉచిత వైరసు నిరోధకమును తెచ్చి పెట్టినంత మాత్రమున రక్షణ రెట్టింపు కాదు. రెండు కావళ్ళు ఒకేసారి ప్రతి ఫైలును తెరచి చూడబోయి ఒకదానికొకటి అడ్డుపడవచ్చును. జిప్ కట్టలను విప్పుట, తెరపై నున్న దానిని చిత్రముగా తీయుట, అక్కరలేని తాత్కాలిక ఫైళ్ళను తొలగించుట, తెలుగులో టైపు చేయుట మొదలగు పనులకు కూడ విండోస్‌లోనే ఏర్పాట్లున్నవి.

నిర్వాహక వ్యవస్థ పాతబడినచో ఎన్ని ఉపకరణములు తెచ్చినను రక్షణ కలుగదు. విండోస్ 10 నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసినది. క్రొత్త విండోస్‌ను మోయలేని పాత యంత్రములకు, 1991 లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్‌పై నిర్మితమైన ఉచిత వ్యవస్థలు కొన్ని చక్కగా సరిపోవును. అయితే మార్చుటకు ముందు ఫైళ్ళన్నిటికిని వేరొకచోట ప్రతులు తీసి యుంచవలెను.

అక్కరలేని సాధనములు

“మీ కంప్యూటరు వేగమును పెంచెదము” అని వచ్చు ప్రకటనలను చాలమంది నమ్ముచుందురు. వీనిలో మూడు రకములను పరీక్షింతము.

ఒకటి, జ్ఞాపకమును ఖాళీచేయు ప్రోగ్రాములు. నిర్వాహక వ్యవస్థ ఇటీవల వాడిన సమాచారమును ర్యామ్‌లో నిలిపియుంచును. మరల అడిగినప్పుడు డిస్కు దాకా పోకుండ వెంటనే ఇచ్చుటకే ఈ ఏర్పాటు. దానిని బలవంతముగా ఖాళీచేయించినచో మీటరుపై అంకె అందముగా కనిపించును గాని, ఆ సమాచారమును మరల డిస్కునుండి చదువవలసి వచ్చును. పాఠము చెప్పుచున్న ఉపాధ్యాయుని బల్లపై పుస్తకములు ఎక్కువగా ఉన్నవని అన్నిటిని గ్రంథాలయమునకు పంపివేసినచో పని వేగముగా జరుగునా?

రెండు, డిస్కును సర్దు ప్రోగ్రాములు. వీనికి ఒకప్పుడు నిజమైన ప్రయోజనముండెను. హార్డు డిస్కు నిమిషమునకు 7200 సార్లు, అనగా సెకనుకు 120 సార్లు తిరుగును. ఒక చుట్టుకు పట్టు కాలము సుమారు 8.3 మిల్లీసెకనులు. కావలసిన భాగము చదువు ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము, 4 మిల్లీసెకనులకు పైగా, వేచియుండవలెను. ఒక ఫైలు వంద ముక్కలై వేర్వేరు చోట్ల నున్నచో ఈ నిరీక్షణయే సెకనులో అర్ధభాగము వరకు కావచ్చును. ముక్కలను ఒకచోట చేర్చినచో ఆ కాలము మిగులును. కాని నేటి ఎస్.ఎస్.డి. లలో తిరుగు పళ్ళెము లేదు, ముల్లును లేదు. ఏ భాగమునైనను ఇంచుమించు ఒకే కాలములో చదువవచ్చును. పైగా వాటిలోని కణములు కొన్ని వేలసార్లు మాత్రమే వ్రాతను తట్టుకొనును. కావున ఊరక సర్దుచుండుట వలన లాభము లేదు సరిగదా, అరుగుదల మాత్రము కలుగును. ఏ డిస్కునకు ఏది తగునో చూచి ఆ పనిని విండోస్ తానే చేసికొనును.

మూడు, విండోస్ తన అమరికలను వ్రాసికొను రిజిస్ట్రీని శుభ్రపరుతుమను ప్రోగ్రాములు. లక్షల పంక్తులు గల ఆ పట్టికలో కొన్ని వందల పాత పంక్తులు మిగిలియున్నను వేగమునకు వచ్చు నష్టము అత్యల్పము. పొరపాటున అవసరమైన పంక్తిని తీసివేసినచో యంత్రము మొరాయించును. విండోస్‌ను తయారుచేసిన మైక్రోసాఫ్ట్ కూడ ఇట్టి ప్రోగ్రాములను తాము సమర్థింపమని ప్రకటించినది. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

కుదింపు: ఒక మంచి సాధనము పనిచేయు తీరు

ఇక నిజముగా ఉపయోగపడు సాధనములలో మొదటిది ఫైళ్ళను కుదించునది. సమాచారములో మరల మరల వచ్చు భాగములను ఒక్కసారి మాత్రము వ్రాసి, తక్కినచోట్ల “వెనుక ఫలానా చోట నున్నదే ఇచ్చటను” అని గురుతు పెట్టుట ఒక పద్ధతి. దీనిని 1977 లో లెంపెల్, జివ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. తరచుగా వచ్చు గుర్తులకు పొట్టి సంకేతములను, అరుదుగా వచ్చువాటికి పొడుగు సంకేతములను ఇచ్చుట మరియొక పద్ధతి. దీనిని 1952 లో హఫ్‌మన్ ప్రకటించెను. జిప్ కట్టలలో ఈ రెండు పద్ధతులును కలిసి పనిచేయును. రష్యాకు చెందిన ఇగోర్ పావ్‌లోవ్ 1999 నుండి అభివృద్ధి చేయుచున్న సెవెన్-జిప్ అను స్వేచ్ఛా సాధనము ఇంకను గట్టిగా కుదింపగలదు.

తెలుగు వ్రాతకు కుదింపు మిక్కిలి అనుకూలము. దీనికి కారణము తెలిసికొనదగినది. నేడు వ్యాప్తిలో నున్న యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును. ‘తెలుగు’ అను మాటలో త, ఎత్వము, ల, ఉత్వము, గ, ఉత్వము అని ఆరు గుర్తులున్నవి. కావున ఆ మాటకు 18 బైట్లు కావలెను. అయితే ప్రతి తెలుగు గుర్తులోను మొదటి బైటు ఎప్పుడును ఒక్కటే. రెండవ బైటు రెండు విలువలలో ఏదో ఒకటి. అసలు విషయమంతయు మూడవ బైటులో నుండును. మరల మరల వచ్చు ఆ మొదటి రెండు బైట్ల భారమును కుదింపు ప్రోగ్రాము చాల భాగము తొలగింపగలదు. విద్యార్థులు ఒక తెలుగు వ్యాసమును కుదించి, ముందు వెనుకల పరిమాణములను పోల్చి చూడవచ్చును.

అదే విధముగా ఒక జేపెగ్ ఛాయాచిత్రమును కుదించి చూచినచో పరిమాణము ఇంచుమించు తగ్గదు. అది తీసినప్పుడే కుదింపబడినది గనుక అందులో తొలగింపదగిన పునరుక్తి మిగులలేదు. ఎట్టి ఫైలునైనను చిన్నది చేయుదుమని చెప్పు ప్రోగ్రాము అబద్ధమాడుచున్నదని గణితము ద్వారానే నిరూపింపవచ్చును. మూడు బిట్లతో 8 వేర్వేరు వరుసలు వ్రాయవచ్చును. అంతకంటె పొట్టి వరుసలు రెండు బిట్లవి 4, ఒక బిట్టువి 2, మొత్తము 6 మాత్రమే. ఎనిమిదింటిని ఆరింటిలో నింపినచో ఎచ్చటనో రెండు వేర్వేరు ఫైళ్ళకు ఒకే రూపము వచ్చును. అప్పుడు విప్పినప్పుడు అసలు ఏదో తెలియదు. బిట్ల సంఖ్య ఎంత పెరిగినను ఈ తర్కము మారదు.

ఎచ్చటి నుండి తేవలెను? నిజమైనదని ఎట్లు తెలియును?

మంచి సాధనము కూడ చెడ్డ చోటునుండి తెచ్చినచో చెడ్డదగును. చిత్రములను దిద్దు గింప్ అను స్వేచ్ఛా ప్రోగ్రామునకు 2015 లో ఇట్టి చిక్కు వచ్చినది. సోర్స్‌ఫోర్జ్ అను పంపిణీ స్థలము నుండి దిగిన గింప్ పెట్టెలో ఇతర వ్యాపార ప్రోగ్రాములు కూడ చుట్టబడియున్నవని దాని నిర్మాతలు బహిరంగముగా ఆక్షేపించిరి. 2016 లో ఆ స్థలము యాజమాన్యము మారిన పిమ్మట ఆ పద్ధతి మానివేయబడినది. అన్వేషణలో మొదట కనిపించు ‘డౌన్‌లోడు’ మీటను నొక్కుట గాక, నిర్మాతల స్వస్థలమునకే పోయి తెచ్చుకొనవలెనని దీనివలన తెలియుచున్నది.

తెచ్చిన ఫైలు దారిలో మారలేదని తెలిసికొనుటకు ఒక చక్కని పద్ధతి కలదు. 4729 అను సంఖ్యను పంపుచున్నామనుకొందము. అంకెల మొత్తము 22 అని కూడ తెలిపినచో, అందుకొన్నవారు కూడి చూచి సరిపోల్చుకొందురు. కాని దారిలో అది 4279 గా మారినచో మొత్తము మారదు, తప్పు దొరకదు. అంకెలను వాటి స్థానములచే, అనగా వరుసగా 1, 2, 3, 4 చే గుణించి కూడినచో మొదటిదానికి 60, రెండవదానికి 65 వచ్చును, తప్పు పట్టుబడును. ఇదే ఆలోచనను ఎంతో దూరము పెంచినది ఎస్.హెచ్.ఏ.-256 అను పద్ధతి. ఎంత పెద్ద ఫైలునకైనను అది 256 బిట్ల ముద్రను, అనగా 64 గుర్తుల వరుసను ఇచ్చును. ఫైలులో ఒక్క అక్షరము మారినను ముద్రలో సుమారు సగము బిట్లు మారిపోవును. సాధ్యమగు ముద్రల సంఖ్య 78 అంకెలు గల సంఖ్య. పెక్కుమంది నిర్మాతలు తమ ఫైలు ప్రక్కనే దాని ముద్రను కూడ ప్రకటింతురు. సెవెన్-జిప్ వంటి సాధనముతో మనమును ముద్ర తీసి రెంటిని పోల్చుకొనవచ్చును.

అయినను ముద్ర సరిపోయినంత మాత్రమున ఫైలు మంచిదని కాదు. నిర్మాతలు ఇచ్చినదే మనకు చేరినదని మాత్రమే. 2017 లో సీక్లీనర్ అను ప్రసిద్ధమైన శుభ్రపరచు ప్రోగ్రాము యొక్క 5.33 వ కూర్పులోనికి, నిర్మాతల చోటనే దుండగులు హానికర భాగమును చొప్పించిరి. సుమారు 22 లక్షల కంప్యూటర్లలోనికి అది చేరినది. 2024 లో ఎక్స్‌జడ్ అను కుదింపు సాధనము యొక్క 5.6.0, 5.6.1 కూర్పులలో రహస్యద్వారమొకటి బయటపడినది. సర్వరులోనికి ప్రవేశించుటకు అలవాటుకంటె అర సెకను ఎక్కువ కాలము పట్టుచున్నదేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు శోధింపగా అది దొరకినది. వ్రాతప్రతి బహిరంగముగా ఉండుటచేతనే ఆయన మూలము వరకు పోయి చూడగలిగెను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు కూడ ప్రమాదములు కలవనియు, అయితే ఆ ప్రమాదములను బయటివారు కనుగొనుటకు అందు అవకాశమున్నదనియు ఈ ఉదంతము తెల్పుచున్నది. కొలతలో కనిపించిన చిన్న తేడాను ఉపేక్షింపరాదని ప్రయోగశాలలో మనము చెప్పు పాఠము కూడ ఇదియే.

చెరిపినది పోయినట్లేనా?

ఫైలును చెరిపినప్పుడు నిర్వాహక వ్యవస్థ సాధారణముగా పట్టికలో దాని పేరును కొట్టివేసి, ఆ స్థలము ఖాళీయని గుర్తుపెట్టును. హార్డు డిస్కు మీద, కెమెరా కార్డుల మీద అసలు సమాచారము వేరొకటి వచ్చి పైన వ్రాయబడునంతవరకు అట్లే యుండును. పుస్తకములోని విషయసూచికను చింపినంత మాత్రమున ప్రకరణములు పోవు గదా! ఫోటోరెక్ అను స్వేచ్ఛా సాధనము ఈ సూత్రముపైననే పనిచేయును. అది పట్టికను చూడక డిస్కు నంతటిని చదువుచు, ఫైళ్ళ తలకట్టులను గుర్తుపట్టును. జేపెగ్ చిత్రము 255, 216, 255 అను మూడు బైట్లతో మొదలగును; అవి కనిపించినచోట చిత్రమున్నదని గ్రహించును.

కాబట్టి ముఖ్యమైన ఫైలు పొరపాటున పోయినచో ఆ డిస్కుపై మరేమియు వ్రాయకుండ వెంటనే పని ఆపవలెను. రాబట్టు ప్రోగ్రామును కూడ అదే డిస్కుపై దింపరాదు; అట్లు చేసినచో పోయిన ఫైలున్న స్థలములోనే అది కూర్చుండవచ్చును. వేరొక పెన్‌డ్రైవు నుండి నడిపి, దొరకినవాటిని మరియొక డిస్కునకు చేర్చవలెను. ఎస్.ఎస్.డి. లలో మాత్రము ఖాళీ అని గుర్తుపెట్టిన కణములను ట్రిమ్ అను ఏర్పాటు త్వరలోనే తుడిచివేయును గనుక ఆశ తక్కువ. అందుచేత చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటకంటె ముందే ప్రతులు తీయుట మేలు. మూడు ప్రతులు, రెండు రకముల సాధనములపై, అందులో ఒకటి ఇంటికి వెలుపల అను నియమమును అనుభవజ్ఞులు పాటింతురు.

తెలుగు వ్రాతలకు ప్రత్యేక జాగ్రత్త

తెలుగువారికి మరియొక పరీక్ష కూడ అవసరము. 1991 లో వెలువడిన మొదటి యూనికోడ్ కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అయినను చాల కాలము అచ్చుపనులకు ఆయా అక్షరరూపములకు మాత్రమే సరిపడు సొంత సంకేతములు వాడబడినవి. అట్లు వ్రాసిన పుస్తకములు ఆ అక్షరరూపము లేని కంప్యూటరులో అర్థము లేని గుర్తులుగా కనిపించును. వ్రాసినవారి శ్రమ ఫైలులోనే ఉండియు అందకుండ పోవును. కావున వ్రాతసాధనమును ఎన్నుకొనునప్పుడు అది యూనికోడ్‌లో వ్రాయునా, ఓపెన్ డాక్యుమెంటు వంటి బహిరంగ ప్రమాణ రూపములో దాచునా అని చూడవలెను. ఆ ప్రమాణము 2006 లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది. లిబ్రె ఆఫీసు దానినే వాడును. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించి ఉచితముగా అందించిన పోతన, వేమన అను యూనికోడ్ అక్షరరూపములు ఇట్టి వ్రాతకు చిరకాలముగా తోడ్పడుచున్నవి. అచ్చు పుటల చిత్రములనుండి అక్షరములను చదువు టెసరాక్ట్ అను స్వేచ్ఛా సాధనము తెలుగును కూడ చదువగలదు; పొరపాట్లను మాత్రము దిద్దుకొనవలెను.

ఆరు ప్రశ్నలు

ఇంతవరకు చెప్పిన దానిని ఆరు ప్రశ్నలుగా కూర్చుకొనవచ్చును.

1. ఈ పని చేయునది ఇప్పటికే కంప్యూటరులో ఉన్నదా?
2. దీనిని ఎవరు చేసిరి? ఖర్చును ఎవరు భరించుచున్నారు?
3. చివరి కూర్పు ఎప్పుడు వచ్చినది? లోపములను ఇంకను సవరించుచున్నారా?
4. నిర్మాతల స్వస్థలము నుండి తెచ్చితినా? ముద్ర సరిపోయినదా?
5. అది అడుగు అనుమతులు దాని పనికి తగియున్నవా? లెక్కలు వేయు సాధనమునకు కెమెరాతో పని యేమి?
6. రేపు దీనిని విడిచిపెట్టవలసి వచ్చినచో నా ఫైళ్ళు వేరొకదానితో తెరచుకొనునా?

దింపునప్పుడు ప్రతి పుటను చదువుచు, ముందుగానే గుర్తుపెట్టియుంచిన అదనపు ప్రోగ్రాముల గళ్ళలోని గుర్తులను తీసివేయవలెను. నెలకొకసారి జాబితాను చూచి వాడనివాటిని తొలగింపవలెను.

ఉపాధ్యాయులు ఈ ఆరు ప్రశ్నలను తరగతిలో నల్లబల్లపై వ్రాసి, విద్యార్థులు తమ ఇండ్లలో వాడు ఒక్కొక్క ఉచిత సాధనమును వాటితో పరీక్షించి రమ్మని చెప్పవచ్చును. జవాబు దొరకని ప్రశ్న ఎదుట ‘తెలియదు’ అని నిజాయితీగా వ్రాయమనవలెను. ఒకే సాధనము ఎదుట అట్టి ‘తెలియదు’లు మూడో నాలుగో చేరినచో, దానిని ఉంచుకొనవలెనో తీసివేయవలెనో ఆ విద్యార్థికి వేరొకరు చెప్పనక్కరలేదు.